అందులో ఎనిమిది నావి

ఊడ్పు నెల, 3

సన్యాసిరావు గారు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. లేకపోతే నాకూ పుస్తకానికీ ఏం సంబంధం? ఆయన మా ఊరి జాకీల డాక్టరు. "ఎడమకాలు ఎప్పుడు తిమ్మిరెక్కింది, ఎంతసేపుంది, ఆ రోజు ఏం పని చేశావు, అన్నీ రాయమ్మా నూకరత్నం. నోటితో చెబితే సగం గొప్పలే ఉంటాయి నీ దగ్గర" అన్నారు. నిజమే, గొప్పలు చెబుతాను. ఈ ఊళ్ళో వరి ఊడ్చేవాళ్ళు నూట నలభై మందిమి ఉన్నాం. నా అంత తిన్నగా ఊడ్చేవాళ్ళు ఒక్కరు లేరు. ఇది మాత్రం గొప్ప కాదు, వరసలు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

తెలిసేది అనాలేమో. ఇవాళ నాలుగో అంతస్తు మడిలో నా వరస అడ్డదిడ్డంగా పోయింది. ఎడమ మడమ నీళ్ళలో ఉందో గట్టు మీద ఉందో తెలియలేదు. పొద్దున రెండు గంటలు, భోజనాలయ్యాక ఇంకాసేపు.

పక్క వరస దాలమ్మది. చూసింది. "ఒలే రత్నం, ఏటే ఆ వరస? తాగొచ్చేవేటి?" అని అందరికీ వినబడేలా నవ్వింది. ఆ తర్వాత మేస్త్రి అటు తిరిగినప్పుడు నా వంకర వరసలోంచి నాలుగు కుదుళ్ళు పీకి తిన్నగా నాటింది. దాలమ్మంటే అదీ. నోరు పెద్దది, చెయ్యి మంచిది.

ఊడ్పు నెల, 10

ఇవాళ పదోరోజు, కీ తిప్పే రోజు. డాక్టరు గారికి తెలియనిదేం లేదు గానీ, అన్నీ రాయమన్నారు కదా, అనుభవించండి.

పాత భూమి మీద నడుం డెబ్భై ఏళ్ళు దానంతటదే నిలబడేదట. ఈ నేల బరువు వేరు. ఇక్కడ చెంబు చెయ్యి జారితే గచ్చు సొట్ట పడుతుంది. ఊడ్పు మిషన్లు దిగిన రెండేళ్ళకే కూలబడ్డాయి. మేం కూలబడలేదు, ఎందుకంటే మా వెన్నుపూసల మధ్య జాకీలున్నాయి. బండి కింద పెట్టే జాకీలాంటిదే, కాకపోతే చింతపిక్కంత. పూసలు నొక్కుకుపోతుంటే పది రోజులకోసారి ఒక పిన్ను పెట్టి కీ తిప్పుతారు. టక్కుమని వెంట్రుకవాసి లేస్తుంది. నరానికి చోటు దొరుకుతుంది. నలభై టక్కులయ్యాక కొత్త జాకీ. నాకూ దాలమ్మకూ పోయిన కోతల తర్వాత ఒకేరోజు కొత్తవి వేశారు.

ఎవరి నడుం వాళ్ళు తిప్పుకోలేరు కదా. అందుకే జతలు. నా కీ దాలమ్మ మెడలో, దాలమ్మ కీ నా మెడలో, పదకొండేళ్ళుగా. పిన్నులు కూడా అంతే. మన పిన్ను మన చేతికివ్వరు. ఆశకొద్దీ ఎవరిది వాళ్ళు ఎక్కువ ఎక్కించేసుకుంటారని. గోడనున్న డబ్బాలో నేను వేలు పెడితే దాలమ్మ పిన్ను వస్తుంది, తను పెడితే నాది వస్తుంది.

కీల గదిలో బల్ల మీద బోర్లా పడుకున్నాను. నడుం మీద ఆ చోట చర్మానికి ఎప్పుడో స్పర్శ పోయింది, చెవికి టక్కుమని వినిపిస్తే అయినట్టు లెక్క. టక్కుమంది. దాలమ్మ గది మొత్తానికి వినబడేలా అరిచింది, "నూకరత్నం, పదహారు!" అలా అరవడం ఆనవాయితీ. విన్నాక నమ్మడం కూడా ఆనవాయితీ. ఇంటికెళ్ళి గోడకి నిలబడి నిలువు కొలుచుకున్నామంటే, కీ పట్టినవాళ్ళ మొహాన ఉమ్మేసినట్టే. మా ఊళ్ళో ఏ గోడ మీదా గీత కనబడదు.

తర్వాత దాలమ్మ పడుకుంది. డబ్బాలోంచి నేను తెచ్చిన పిన్ను పెట్టి తిప్పాను. పిడికిట్లోంచి ఇంకోటి తీసి ఇచ్చింది. "ఇదీ తిప్పీ. నాకు రెండేసి రాసేడు డాట్రు. నా నడుం పాడైపోనాది కదా." ఇలా ఇవ్వడం ఇది ఆరోసారి. రెండోదీ తిప్పాను. "దాలమ్మ, ఇరవై రెండు!" అని అరిచాను. పాపం, ఎంత నొప్పి ఓర్చుకుంటోందో.

లేచాక నుదురూ నుదురూ ఆనించుకోవాలి, నిలబడి. అది కూడా ఆనవాయితీయే. మేమిద్దరం ఒకే ఎత్తు, ఎప్పుడూ సరిగ్గా తగిలేవి. ఈమధ్య దాలమ్మ నాకోసం కాస్త వంగుతోంది. వయసు పెరిగేకొద్దీ దీనికి నా మీద ప్రేమ కూడా పెరిగినట్టుంది.

ఊడ్పు నెల, 17

తిమ్మిరి మోకాలి దాకా వచ్చింది. పొద్దున మూడు గంటలు.

పని పైజామా అంచు నీళ్ళలో ఈడుస్తోంది. బట్టలుతికేవాళ్ళు సాగదీసి పాడుచేశారని వాళ్ళతో దెబ్బలాడి వచ్చాను. నాలుగు మాటలు ఎక్కువే అన్నాను. వాళ్ళూ తక్కువ తినలేదు. దాలమ్మ విని, "ఊరుకోయే, ఇలాగియ్యి, నాను కుట్టేస్తాను" అని సూది తీసింది. రెండు వేళ్ళ మేర మడిచి కుట్టింది. కొలత కూడా తీసుకోలేదు. తొడుక్కుంటే అతికినట్టు సరిపోయింది.

ఊడ్పు నెల, 24

పడ్డాను. రెండో అంతస్తు గట్టు దిగుతుంటే ఎడమకాలు లేనట్టే అయిపోయింది. రెండు బుట్టల నారు నా కింద నలిగింది. ఈ నేల మీద పడటమంటే మామూలు పడటం కాదు, నేల వచ్చి గుద్దినట్టుంటుంది. మోచెయ్యి చీరుకుంది.

ముఠా అంతా చుట్టూ చేరి చూస్తూ నిలబడ్డారు. ఎవరి మొహం చూసినా ఒకటే మాట, బయటికి అనకపోయినా నాకు వినబడింది. చాపగది. కాళ్ళు పోయినవాళ్ళని అక్కడ చాపల మీద కూర్చోబెడతారు. బియ్యంలో నూకలు ఏరుతుంటారు, బతికున్నన్నాళ్ళూ. నాకు చావంటే భయం లేదు. చాపగదంటే భయం. ఊడ్చే మనిషిని, ఊడ్చకపోతే నేనెవరిని?

దాలమ్మ ఎవరినీ రానివ్వలేదు. నన్ను వీపున వేసుకుని రెండంతస్తులు ఎక్కింది. ఈ బరువు నేల మీద, ఇంకో మనిషిని వీపున వేసుకుని! రొప్పు కూడా రాలేదు. దాని వెన్ను నా గుండెకి తగులుతుంటే ఇనప స్తంభంలా ఉంది. ఆ నడుం అలా నిలబెట్టింది నా చేతులే కదా అని గర్వపడ్డాను. ఆ మాట దాని చెవిలో అన్నాను కూడా. అది నన్ను వీపు మీద ఇంకాస్త పైకి ఎగదోసుకుని అడుగు వేగం పెంచింది.

ఊడ్పు నెల, 26

సన్యాసిరావు గారు కాలి మీద సూదితో గుచ్చి చూశారు. మోకాలి కింద ఎక్కడా తెలియలేదు.

"ఫొటో తీస్తానమ్మా నడుముకి. లోపల ఏముందో చూడాలి."

"వద్దు బాబూ. కోతల తరవాత అందరికీ తీస్తారు కదా, అప్పుడు సూద్దారి. ఇప్పుడు తీయించుకుంటే దాలమ్మ ఏటనుకుంటాది? నా లెక్క నమ్మనేదు అనుకోదేటి?"

"నీ కాలు పోతుంటే దాలమ్మ ఏమనుకుంటుందోనని కూర్చున్నావా?"

"పదకొండేళ్ళు బాబూ. దాన్ని అనుమానించినట్టు నాను గోడకి నిలబడలేను."

ఆయన తల కొట్టుకున్నారు. మందు రాసిచ్చారు. మందు చేదుగా ఉంది, పని మాత్రం చేయలేదు.

ఊడ్పు నెల, 30

పదోరోజు. నాది పద్దెనిమిది. దాలమ్మది ఇరవై ఆరు. కాలు అలాగే ఉంది.

కలుపు నెల, 2

ఇవాళ్టిది ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టే రాస్తాను.

సన్యాసిరావు గారి దగ్గరికి వెళ్ళి అడిగాను. "బాబూ, దాలమ్మకి రాసినట్టు నాకూ రెండేసి పిన్నులు రాయండి. దానికి ఎంత గుణం కనిపించిందో! నన్ను మోసుకుని మెట్లెక్కినాది."

ఆయన కళ్ళజోడు తీశారు. "దాలమ్మకి నేనెప్పుడు రాశాను?"

"ఎనిమిది పదోరోజులై రాస్తన్నారు కదా."

"నేను ఎవరికీ రెండు రాయనమ్మా. రాయడానికి నాకే అధికారం లేదు. మనిషికి ఒకటే. డబ్బా కూడా ఒకటే ఇస్తుంది."

"మరి రెండోది..." అన్నాను. అని ఆగిపోయాను. ఆయన మెల్లిగా, "పిన్ను లేకుండా ఉత్త కీ తిప్పినా టక్కుమంటుందమ్మా" అన్నారు.

నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. మా మధ్య తగువులు పెట్టడానికి చూస్తున్నారా అన్నాను. పెద్దవారన్న మర్యాద లేకుండా తలుపు దడాలున వేసి వచ్చేశాను.

కలుపు నెల, 3

అందరూ మడులకి వెళ్ళాక గోడకి నిలబడ్డాను.

తవుడు డబ్బా పక్కకి జరిపి, దాని వెనక. మా అమ్మ చూస్తే చెంప పగలగొట్టేది. తల మీద చెక్కముక్క ఆనించి, మేకుతో గీత గీసి, ఊడ్పు తాడుతో కొలిచాను. జాకీలు వేసిన రోజు కార్డు మీద నా ఎత్తు రాసి ఉంది. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ మూడు వేళ్ళు తక్కువ వచ్చింది.

పైజామా గుర్తొచ్చింది. కొలత తీసుకోకుండా మడిచి కుట్టింది. కొలత దానికి తెలుసు మరి! నుదురు ఆనించడానికి వంగింది ప్రేమ కాదు. నాకు తెలియకుండా ఉండటానికి వంగింది.

కలుపు నెల, 4

ఫొటో తీయించుకున్నాను. ముందు ఆయనకి క్షమాపణ చెప్పుకున్నాను. పది. నా నడుములో ఉన్నవి పది పిన్నులు. దాలమ్మ అరిచింది పద్దెనిమిది.

"నా ఎనిమిదీ దాని నడుములోనే ఉన్నాయా?"

"ఇంకెక్కడుంటాయి? నువ్వు అరిచిన లెక్క ఇరవై ఆరు కదా."

"ఎక్కించింది నానే. నా చేత్తో నానే ఎక్కించాను బాబూ. డబ్బాలోంచి దొంగిలించి దాచుకున్నా ఊరుకుందును. నా చేతనే తిప్పించుకుంది."

ఆయన చాలాసేపు బల్ల మీద పెన్సిలు దొర్లించారు. తర్వాత చెప్పారు. కీకి ఒక వైపు ఎర్ర చుక్క ఉంటుంది. అటు తిప్పితే పిన్ను వెనక్కి వస్తుంది. ఆ ఎనిమిదీ నా జాకీలకి కొలిచి చేసినవి (ఒకేరోజు వేసిన జాకీలు కాబట్టి దానికీ పట్టాయట), తెస్తే ఒక్క పూటలో నాకు ఎక్కిస్తానన్నారు. ఎడమకాలు నిలబడుతుంది. కానీ పదో తారీఖు దాటితే నరం చచ్చిపోతుంది, ఆ తర్వాత ఎన్ని పెట్టినా లాభం లేదు.

"మరి దానికేటవుతాది?"

"మెల్లగా, పది రోజులకొకటి తీస్తే ఏం కాదు. ఎనిమిదీ ఒక్కసారి తీస్తే నడుం కూలుతుంది. రెండు కాళ్ళూ పోతాయి. అలాగే ఉంచినా సుఖం లేదులే. అన్ని ఎక్కినవాళ్ళకి వెన్ను బిగుసుకుపోతుంది, ఏణ్ణర్థం పోతే వంగలేదు." కళ్ళజోడు పెట్టుకున్నారు. "పై ఆఫీసుకి రాస్తే విచారణకి నెల పడుతుంది. ఈలోపు దాని కీ నీ దగ్గరే ఉంటుంది. ఏం చెయ్యమనీ నేను చెప్పనమ్మా."

కలుపు నెల, 7

మడికి వెళ్ళడం మానేశాను. రెండో కాలిక్కూడా తిమ్మిరి మొదలైంది.

సాయంత్రం దాలమ్మ వచ్చి నా పాదం ఒళ్ళో పెట్టుకుని నువ్వుల నూనె రాసింది. "తగ్గిపోతాదిలేయే. కోతల ఏలకి మల్లీ నువ్వే ముందుంటావు. నా సంగతి సూడు, ఎలాగున్నదాన్ని ఎలాగైపోనాను." అరికాలు నుంచి పిక్క దాకా ఓపిగ్గా రాసింది. నాకు తెలియదు, రాస్తోందని కంటితో చూసి తెలుసుకున్నాను.

చెప్పేస్తుందేమోనని చూశాను. నిజంగా చూశాను. చెబితే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. బహుశా ఏడ్చేదాన్ని, బూతులు తిట్టేదాన్ని, తర్వాత ఇద్దరం కూర్చుని ఏదో ఒక దారి వెతికేవాళ్ళం. నూనె గిన్నె మూత పెట్టి వెళ్ళిపోయింది.

దొంగ దోచుకుంటే పోనీ దొంగే కదా అనుకుంటాం. ఇది నా కాళ్ళు తీసుకుని నా కాళ్ళకే నూనె రాస్తోంది. దీని కీ నా మెడలో బరువుగా ఉంది. ఎల్లుండి కాక ఆవలెల్లుండి బోర్లా పడుకుంటుంది, నా ముందు, వీపు నాకిచ్చి. ఎర్ర చుక్క ఎటుందో చీకట్లో కూడా నా వేళ్ళకి తెలుసు.

కలుపు నెల, 10

కర్ర పట్టుకుని కీల గదికి వెళ్ళాను. నూట నలభై మందీ ఉన్నారు. ముందు దాలమ్మనే పడుకోమన్నాను.

పడుకుంది. చొక్కా పైకి లాగింది. పిడికిలి వెనక్కి చాపి రెండో పిన్ను ఇచ్చింది, ఎప్పటిలాగే. నా తొమ్మిదోది. అది నా చొక్కా జేబులో వేసుకున్నాను.

కీ పెట్టాను. ఎర్ర చుక్క వైపు తిప్పాను. అబద్ధం రాయను, తిప్పాను. సగం దాకా వెళ్ళింది. లోపల పిన్ను కదిలిన సంగతి వేళ్ళకి తెలిసింది. ఇంకో సగం తిప్పితే ఒకటి నా చేతిలో ఉండేది. అలా ఎనిమిది.

"దాలా," అన్నాను. "నాదెంతే ఇప్పుడు?"

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పద్దెనిమిది కదేటి. ఇయ్యాల పంతొమ్మిదవుతాది."

ఇంతకుముందు చెప్పినవన్నీ భయంతో అనుకోవచ్చు. ఇది మాత్రం నా చేతి కింద పడుకుని, వెన్నెముక నా చేతికిచ్చి చెప్పింది. అంత నమ్మకం దానికి నా మీద. నేను ఎప్పటికీ దానిలాంటి పని చేయనని దానికి తెలుసు, ఆ తెలివి మీదే ఎనిమిది సార్లు బతికింది. తిప్పేద్దామనిపించింది. చెయ్యి రాలేదు. పదకొండేళ్ళు ఒకే వైపు తిప్పిన చెయ్యి ఇది. నా మంచితనం అని ఎవరూ అనుకోవద్దు, నాలో అప్పుడు మంచి అన్నది చిటికెడు కూడా లేదు.

కీ యథాస్థానానికి తెచ్చాను. దాని వంతు పిన్ను ఒకటి పెట్టి తిప్పాను. టక్కుమంది. ఊపిరి పీల్చుకుని, ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచాను.

"దాలమ్మ, ఇరవై ఏడు! అందులో ఎనిమిది నావి!"

గదిలో కీల చప్పుడు ఆగిపోయింది. దాని వీపు నా చేతి కింద కొయ్యబారింది.

"లేయే," అన్నాను. "నుదురు పెట్టు."

లేచింది. నా మొహంలోకి చూడకుండా, అలవాటు కొద్దీ మెడ వంచబోయింది.

"వంగకు. తిన్నగా నిలబడు."

నిలబడింది. నేనూ కర్ర వదిలేసి, ఎంత నిటారుగా నిలబడగలనో అంతా నిలబడ్డాను. నా నుదురు దాని పెదాలకి తగిలింది. ఒకేరోజు జాకీలు వేయించుకున్న ఇద్దరం. అందరూ చూశారు. గోడ అక్కర్లేకపోయింది.

"నీకు ఆగుతాది అనుకున్నానే," అంది, నా నుదుటి మీదే మాటలు పడుతున్నాయి. "నువ్వు గట్టిదానివి. నాను చాపగదికి పోతానని బయమేసినాది. ఒక్కటే అనుకున్నాను. మొదట ఒక్కటే."

"అడిగితే ఇచ్చేదాన్ని దాలా."

అది నిజం. ఒకటి కాదు, రెండో మూడో ఇచ్చేదాన్ని. అది విన్నాక ఏడ్చింది. నేను ఏడవలేదు. దాని మెడలోంచి నా కీ తీసుకున్నాను.

పొట్ట నెల, 10

ఈ పుస్తకం డాక్టరు గారికి ఇక అక్కర్లేదు. మిగిలిన కాగితాలు ఎందుకు పాడవాలని రాస్తున్నాను.

నన్ను చాపగదికి తెచ్చి నెలయింది. నా చాప పక్క గోడ మీద నా నిలువు గీత గీయించాను, గడప దాటి వచ్చేవాళ్ళందరికీ కనబడేలా. మొదట అందరూ మొహాలు తిప్పుకున్నారు. ఇప్పుడు ఆ గీత పక్కన ఇంకో ఆరు గీతలున్నాయి, వేరేవాళ్ళవి. నా కీ అక్కడే మేకుకి వేలాడుతోంది. సన్యాసిరావు గారే వచ్చి తిప్పుతున్నారు. కాళ్ళు ఇక రావు. కాళ్ళ పైన ఉన్నది నిలబడితే చాలన్నారు. నూకలు మాత్రం ఈ గదిలో నా అంత శుభ్రంగా ఏరేవాళ్ళు ఒక్కరు లేరు.

విచారణ అయింది. దాలమ్మకి రెండు పంటలు సగం తిండే అని శిక్ష వేశారు. జత కట్టడానికి ఊళ్ళో ఎవరూ ముందుకు రాలేదు. కీ పట్టేవాళ్ళు లేకపోతే పిన్ను ఎక్కదు. అందుకని పదోరోజు పదోరోజుకీ ఇక్కడికే వస్తుంది. చాప పక్కన నేల మీద బోర్లా పడుకుంటుంది. ఒక్కటి పెట్టి తిప్పుతాను, దాని వంతు దానికి.

ఇవాళ పడుకునే ముందు అడిగింది. "తీసేయే రత్నం. ఎనిమిదీ తీసేసుకో."

"ఇప్పుడు తీసుకుని ఏటి సేసుకోను? తలకి పెట్టుకోనా?"

"పోనీ ఆ మాట అనకే. అందరూ ఇంటన్నారు."

తిప్పాను. టక్కుమంది. గది చివర చాప మీదున్న ముసలావిడకి చెవుడు, ఆవిడక్కూడా వినబడాలి కదా.

"దాలమ్మ, ముప్పై! అందులో ఎనిమిది నావి!"

లేచి చొక్కా సర్దుకుంది. వెళ్ళిపోతుందనుకున్నాను. నా ముందు నిలబడి, నుదురు ఆనించడానికి వంగింది. డాక్టరు గారు ఏణ్ణర్థం పడుతుందన్నారు గానీ దాని వెన్ను అప్పుడే బిగుసుకుంది. సగం దాకా వచ్చి ఆగిపోయింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఇంకొంచెం ప్రయత్నించింది, నుదుటి మీద చెమట కనబడింది. నేను చాప మీద ఉన్నాను. జానెడు ఎడం మిగిలింది మా మధ్య.

నేను లేవలేను. అది ఇంక వంగలేదు. కాసేపు అలాగే ఉండి, వెళ్ళిపోయింది. నేను చేట దగ్గరికి లాక్కున్నాను.